తూము పలకకు బయటి తాడు

నా చిన్నప్పుడు మా ఊరి పార్కులో ఒక చేపల చెరువుండేది. ఇప్పుడూ ఉంది గాని, నా మనసులో ఉన్నది అప్పటి చెరువే. లంబాలైన్ దగ్గర ప్రోతరాపూర్ వైపు వెళ్ళే బస్సెక్కితే, దారిలో పల్లంలో కనిపించేది. ఒక పక్క కొండ, ఇంకో పక్క మడ చెట్ల మధ్యనుంచి చొచ్చుకొచ్చే సముద్రపు పాయ. ఆ రెంటి మధ్యా మట్టికట్ట వేసి, కొండ మీద పడ్డ వాననీటిని ఆపారు. చుట్టూ సిమెంటు బెంచీలు, రెండు ఊయలలు, ఎండకి కాలిపోయే ఒక ఇనుప జారుడుబల్ల. ఆదివారం వస్తే గోల్ ఘర్ నుంచి కూడా జనం గాలాలు పట్టుకుని దిగేవారు. నాలుగు వైపులా సముద్రం పెట్టుకుని ఈ గుంటలో చేపకోసం ఇంత మోజేమిటో మా నాయనమ్మకి ఎన్నడూ అర్థం కాలేదు. ఆవిడ లెక్కలో చెరువు చేప చేపే కాదు, మొహమాటానికి ఈదే జీవం.

మా తాతయ్య ఆ చెరువు చూసుకునే మనిషి. కుర్రతనంలో శ్రీకాకుళం తీరంనుంచి వలా పెళ్ళామూ వెంటబెట్టుకుని ఈ దీవులకి వచ్చాడు. మోకాలు అరిగి పడవ ఎక్కలేని రోజు వచ్చాక, ఎవరో దయ తలచి పార్కులో మజ్దూరు పని ఇప్పించారు. తెల్లారగానే వెళ్ళి నాచు తీసేవాడు. గట్టు మీద గడ్డి కోసేవాడు. తవుడూ చెక్కా కలిపి ముద్దలు చేసి చేపలకి వేసేవాడు. జనం పారేసిన చిప్స్ కవర్లు ఏరుతూ వాళ్ళ వంశాలన్నిటినీ మెల్లగా తిట్టేవాడు. సముద్రం మీద బతికిన మనిషికి ఆ చెరువు ఏ మూలకి సరిపోతుంది? అయినా దాన్ని పసిపిల్లని చూసినట్టు చూసేవాడు.

మా నాన్నది మాత్రం సముద్రమే. వారమంతా డుంగీ పడవ మీద తిరిగి, ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చెరువులో గాలం వేసేవాడు. చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా డీజిలు వాసన పోయేది కాదు. గోధుమపిండి ముద్ద గాలానికి ఎలా గుచ్చాలో, బెండు మునిగినప్పుడు తొందరపడకుండా ఎలా ఆగాలో, నా చేతిమీద తన చెయ్యి వేసి చూపించేవాడు. ఆ చెయ్యి గరుకుగా ఉండేది. ఇంత వయసొచ్చి, ఇంట్లో నేనే పెద్దదాన్నయిన ఇన్నాళ్ళకీ ఒక్కోసారి కుడి చెయ్యి మీద ఆ గరుకు తెలుస్తుంది. అప్పుడు చేస్తున్న పని ఆపేసి కాసేపు ఊరికే కూర్చుంటాను.

ఆ ఏడాది డిసెంబరులో నాన్న ఇంకో నలుగురితో కలిసి ఓడెక్కి దక్షిణాన నికోబార్ వైపు చేపల పనికి వెళ్ళాడు. నెలాఖరుకి వచ్చేస్తానన్నాడు. తర్వాత ఒక ఆదివారం పొద్దున్న నేల ఊగింది. మా ఇల్లు కొండవాలు మీద ఉండబట్టి మేము దక్కాం. పైనుంచి చూస్తుండగానే పాయలోంచి నీళ్ళు లేచి, మడ చెట్లను దాటి, కట్టను మింగి, చెరువూ సముద్రమూ ఒకటైపోయాయి. బెంచీలు కనబడలేదు. జారుడుబల్ల నెత్తి మాత్రం కాసేపు కనబడి, అదీ పోయింది. అది చూసి అమ్మ ఏడవలేదు. దక్షిణం వైపు తిరిగి నిలబడిపోయింది.

నాన్నా, నాన్నతో వెళ్ళినవాళ్ళూ ఎవరూ రాలేదు. నికోబార్ నుంచి ఓడలు జనాన్ని తెచ్చి దింపిన ప్రతిసారీ అమ్మ జెట్టీకి వెళ్ళేది, తిరిగొచ్చేది. ఒక సంగతి చెబితే మా ఇంటి పరిస్థితి అర్థమవుతుంది. మా వాళ్ళలో ఇంటి మగాడు సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళు తలుపుకి గడియ వెయ్యరు. అలిసిపోయి తడిసి వచ్చినవాడు సొంత గుమ్మంలో తలుపు కొట్టి నిలబడకూడదని. నాన్న వెళ్ళిన రోజునుంచీ మా తలుపుకి గడియ లేదు. కెరటం వచ్చి వెళ్ళాక కూడా నాయనమ్మ గడియ వెయ్యలేదు, వెయ్యమని ఎవరూ అనలేదు.

చెరువు సంగతికొస్తే, సముద్రం వెనక్కి పోయాక మిగిలింది నల్లటి బురద, పడిపోయిన కొబ్బరి చెట్లు, కట్టకి ఒక పెద్ద గండి. శీలావతులు, బొచ్చెలు అన్నీ ఉప్పుకి చచ్చి వెల్లకిలా తేలాయి. గట్టు చుట్టూ చెట్లు ఆకు రాల్చి మళ్ళీ చిగురించలేదు. తాతయ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ చేపలన్నీ ఎత్తి పాతిపెట్టాడు. అప్పట్లో ఊళ్ళో సముద్రపు చేప తినడానికి జనం జంకేవారు. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అందుకే ఆఫీసువాళ్ళు కూడా ఈ చెరువు మళ్ళీ బాగుపడితే బాగుండునని త్వరగానే గండి పూడ్చి, కట్ట ఎత్తు పెంచి, కట్ట అడుగున నీళ్ళు పోయే తూముకి పాయ వైపున కొత్తగా ఒక చెక్క పలక అమర్చారు. కట్ట మీదనుంచి తాడు లాగితే పలక లేస్తుంది, వదిలితే దిగుతుంది.

అంతకుముందు ఆ తూముకి పలకతో పెద్దగా పనుండేది కాదు. కాని భూకంపానికి మా వైపు నేల కుంగింది. ఇదివరకు తూము దాకా రాని సముద్రపు పోటు ఇప్పుడు రోజూ వచ్చి, తూములోంచి చెరువులోకి ఎక్కేది. కాబట్టి పోటుకి పలక దించాలి, నీళ్ళు వెనక్కి తీసే పాటుకి ఎత్తి లోపలి ఉప్పునీటిని బయటికి వదలాలి. పైనుంచి వానపడుతుంటే చెరువు కొంచెం కొంచెంగా తియ్యబడుతుంది. తాతయ్యకి ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు. అయినా తాతయ్య ఆ పలక దించలేదు.

మిగతా పనులన్నీ చేశాడు. బురద తోడాడు, సున్నం చల్లాడు, ఎండిన చెట్లు కొట్టించాడు. ఎవరైనా అడిగితే మాత్రం, పలక నీళ్ళకి ఉబ్బి గాడిలో ఇరుక్కుపోయిందనేవాడు. అది అబద్ధమని నాకు తెలుసు. గాడికి గ్రీజు రాసేటప్పుడు డబ్బా పట్టుకునేది నేనే. పలక వెన్నలా జారేది. పోటు మొదలవుతుందనగా తాతయ్య తాడు చేతిలోకి తీసుకునేవాడు, కాసేపు పట్టుకుని నిలబడేవాడు, మళ్ళీ మేకుకి చుట్టేసేవాడు. ఎందుకని నేను అడగలేదు. నాకూ అదే కావాలి. సముద్రంలోంచి ఇంటికి రావడానికి మాకు మిగిలిన దారి ఆ తూమే అన్నట్టు అనిపించేది నాకు. పిల్లల బుర్ర కదా. మరి తాతయ్యది పిల్లల బుర్ర కాదు.

బడి వదలగానే వెళ్ళి తూము పక్కన కూర్చునేదాన్ని. పోటు నీళ్ళు గుడగుడమంటూ లోపలికి వస్తుంటే ఏమేం తెస్తున్నాయో చూసేదాన్ని. ప్లాస్టిక్ డబ్బాలు, థర్మోకోల్ ముక్కలు, మొలకెత్తిన కొబ్బరికాయ, విరిగిన తెడ్డు. ఒకరోజు నీలం రంగు హవాయి చెప్పొకటి వచ్చింది. నాన్నవి నీలం చెప్పులే. దాన్ని గుండెకి హత్తుకుని ఇంటిదాకా పరిగెత్తాను. అమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తన అరచెయ్యి దానిమీద పెట్టి కొలుచుకుంది. నాన్నది కాదని చెప్పింది. చెప్పి, పారెయ్యకుండా కడిగి గుమ్మం పక్కన ఆరబెట్టింది. ఎవరిదో, వాళ్ళింట్లో కూడా ఎవరో చూస్తూ ఉంటారు కదా అంది.

వానాకాలం దగ్గర పడుతుండగా ఓవర్‌సియర్ వచ్చాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, గోల్ ఘర్‌లో ఉండేవాడు. మంచివాడు. తాతయ్యని చాచా అని పిలిచేవాడు. వెంట ఒక ప్లాస్టిక్ సంచిలో చేపపిల్లలు తెచ్చి, పరీక్షకని చెరువు మూల ఒక వల గూడులో వదిలి వెళ్ళాడు. మర్నాడు వచ్చి చూస్తే అన్నీ తేలిపోయి ఉన్నాయి. ఆయన వేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకుని, ఊసి, తాతయ్య వైపు తిరిగాడు.

"చాచా, ఈ బరసాత్‌లో కూడా పానీలో ఉప్పు పోయి మీఠా అవ్వకపోతే నేనేం చెయ్యలేను. మట్టి పోసి సమానం చేసెయ్యమని పైనుంచి అంటున్నారు. ఆ పలక సంగతి ఏదో చూడు, నీకు దండం పెడతాను" అన్నాడు.

తాతయ్య తల ఊపాడు. ఓవర్‌సియర్ వెళ్ళాక నేను తాతయ్య చెయ్యి పట్టుకున్నాను. చెరువు పూడ్చేస్తే నాన్న కూర్చున్న గట్టు ఉండదు. పలక దించితే నాన్న రాడు. రెండూ నాకు చావే. ఏది కోరుకోవాలో తెలియలేదు. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. నేను తినకపోవడం నాయనమ్మ చూసింది, మర్నాడు మధ్యాహ్నం తాతయ్యకి అన్నం క్యారేజీ పట్టుకుని తనే బయల్దేరింది. అది సెలవు రోజు కనుక నేనూ వెంటపడ్డాను.

మేము వెళ్ళేసరికి పోటు ఎక్కుతోంది. నాయనమ్మ క్యారేజీ బెంచీ మీద పెట్టి, తిన్నగా కట్ట ఎక్కి, వంగి పలక గాడిలో వేలు పెట్టింది. వేలి నిండా గ్రీజు వచ్చింది. దాన్ని తాతయ్య భుజం మీది తువ్వాలుకి శుభ్రంగా తుడిచింది. తర్వాత చెరువు మీద అలిగినవాడి సామెత ఎత్తుకుంది. అది సగం వరకే ఇక్కడ రాయగలను, మిగతా సగం తెలిసినవాళ్ళకి తెలుసు.

"ఇరుక్కుపోనాదని ఆ సాబుకెందుకు సెప్పినావు?" అంది.

తాతయ్య పాయ వైపు చెయ్యి చూపించాడు.

"మన గుంటడు ఆ నీటి మీదే ఉన్నాడు. నువ్వు ఇంటికి గడి ఎయ్యవు. నన్ను మాత్రం గంగమ్మ ముకం మీద పలక దించీమంతావా?" అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నాయనమ్మ అతని పక్కన గట్టు మీద కూర్చుంది. వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి. మా ఇంట్లో ఆవిడ ఎప్పుడూ నిలబడి, తాతయ్య కూర్చుని ఉండేవారు.

"గడి ఎయ్యను. నిజమే. తలుపు ఎయ్యనా? వాన కొడితే ఎయ్యనా? కుక్కొస్తే ఎయ్యనా? రోజూ తలుపు ఏస్తన్నాను. బయటనుంచి తోస్తే రావాల, అంతే. నిన్ను నాను తలుపే ఎయ్యమంతన్నాను. గడి ఎయ్యమన్లేదు" అంది.

తాతయ్యకి వెంటనే అర్థం కాలేదు. నాకసలే కాలేదు. నాయనమ్మ లేచి, నాన్న పాత డుంగీలోది ఒక కప్పీ ఇంట్లో ఉండాలి, వెళ్ళి పట్రమ్మని నన్ను పంపింది. పడవ సామాన్లు పెట్టే మూల వెతికి, కప్పీతో పాటు వల తాడు చుట్ట కూడా తెచ్చాను. అప్పటికి తాతయ్య ముఖం మారింది. ఆవిడ ఏం చెయ్యబోతోందో ఆయనకి తెలిసిపోయినట్టుంది. కప్పీని తూము పైదూలానికి బిగించాడు. తాడు ఒక కొస పలకకి కట్టి, కప్పీ మీదుగా వేసి, రెండో కొస కట్టకి అవతల, పాయ వైపుకి వదిలాడు. పాయలో నిలబడి ఎవరైనా ఆ తాడు కిందికి లాగితే పలక పైకి లేస్తుంది.

తాడు మరీ కిందికి వేలాడితే ఉప్పునీళ్ళలో నాని తొందరగా చివుకుతుంది, మరీ పైకైతే చెయ్యి అందదు. అందుకని నాయనమ్మ చీర మోకాళ్ళ పైకి దోపుకుని పాయలోకి దిగింది. బురదలో నిలదొక్కుకుని చెయ్యి పైకి చాచింది.

"నా సెయ్యి ఇక్కడికి. ఆడు నాకన్నా జానెడు పొడుగు" అని, ఇంకో జానెడు పైన కొలిచి చూపించింది. "ఇక్కడ ముడెయ్యి."

తాతయ్య అక్కడే ముడివేశాడు. ఆ ముడి నాన్నకి తెలుస్తుందా అని నేను అడిగాను. నా గొంతులో ఏడుపూ కోపమూ రెండూ ఉన్నాయి. నాయనమ్మ మీదే కోపం.

"తెల్దేటి? ఆడికి ముడెయ్యడం నేర్పింది ఈ ముసిలోడే కదా" అంది నాయనమ్మ.

అప్పుడు తాతయ్య పలక దించాడు. గాడిలో జారి, అడుగున తగిలి, ఆగింది. గుడగుడ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. చెరువులోకి దూకేద్దామన్నంత దుఃఖం వచ్చింది. తాతయ్య పలక అంచు మీద చెయ్యి పెట్టి నిలబడి, మా ఎదుటే, పెద్ద పెద్ద శబ్దం చేస్తూ ఏడ్చాడు. నాయనమ్మ ఆపలేదు. ఆయన ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, తర్వాత నన్ను చూపించి, పిల్లని ఎత్తు, లాగి చూడనీ అంది.

తాతయ్య నొప్పి మోకాలితోనే పాయలోకి దిగి నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నేను ముడి పైన రెండు చేతులతో పట్టుకుని వేలాడాను. మొదట ఏమీ కాలేదు. నా ఒంటి బరువంతా వేసి లాగాను. కప్పీ కిర్రుమంది. పలక బెత్తెడు లేచింది, కింద నీళ్ళు మళ్ళీ గుడగుడమన్నాయి. తాడు వదిలేస్తే దిగింది. మళ్ళీ లాగాను, మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు లాగానో గుర్తులేదు. తాతయ్య విసుక్కోలేదు. నాలాంటి పీచు పిల్ల లాగితేనే తెరుచుకుంటే, మా నాన్న లాగితే తెరుచుకోదా? నాయనమ్మ మీద కోపం అక్కడే, ఆ తాడు పట్టుకుని వేలాడుతుండగానే పోయింది.

ఆ రోజునుంచీ తాతయ్య పోటుకి పలక దించాడు, పాటుకి ఎత్తాడు. వానలు ఆ ఏడు మాకోసమే అన్నట్టు కురిశాయి. మధ్యలో పాయ వైపు ఆడుకునే కుర్రవెధవలు తాడు లాగి ఒకటి రెండుసార్లు ఉప్పునీళ్ళు లోపలికి వదిలారు. నాయనమ్మ వెళ్ళి వాళ్ళకి తెలుగులోనూ హిందీలోనూ కలిపి పెట్టిన గడ్డి వాళ్ళు ఇప్పటికీ మరిచిపోయి ఉండరు. వానాకాలం సగమయ్యాక ఓవర్‌సియర్ మళ్ళీ చేపపిల్లలు తెచ్చి వదిలాడు. మర్నాడు తెల్లవారగానే వచ్చి, వల గూడు పైకెత్తి, అవి తోకలు కొట్టుకుంటుంటే చూసి, తాతయ్యని కౌగిలించుకున్నాడు. బయటి తాడు ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఎవరో చెప్పి ఉంటారు, లేదా చెప్పక్కర్లేకపోయి ఉండొచ్చు.

తర్వాత చాలాకాలానికి, రానివాళ్ళందరినీ సర్కారు పోయినవాళ్ళుగా రాసుకునే రోజు వచ్చింది. అమ్మ సంతకం పెట్టింది. నాయనమ్మ వేలిముద్ర వేసింది. ఇద్దరూ ఇంటికి వచ్చి స్నానాలు చేశారు, చెయ్యవలసినవన్నీ చేశారు. ఆ రాత్రి పడుకోబోయే ముందు నాయనమ్మ ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వేసింది, గడియ వెయ్యలేదు. అమ్మ చూసి పక్క మీద అటు తిరిగి పడుకుంది. పోయాడని ఒప్పుకోవడానికీ గడియ వెయ్యడానికీ సంబంధం లేదని నాయనమ్మ అనుకుని ఉంటుంది. నేనూ అలాగే అనుకుంటున్నాను.

తాతయ్య పోయాడు, ఆయన వెనకే నాయనమ్మ పోయింది. అమ్మకి ఇప్పుడు మతిమరుపు. పార్కుకి కొత్త బెంచీలు వచ్చాయి, చెక్క పలక పోయి అదే గాడిలో ఇనుప పలక వచ్చింది. ఆదివారం గాలాల జనం మళ్ళీ కిటకిటలాడుతున్నారు. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని, చెరువుతో నాకు ఉద్యోగం లేదు. అయినా ఏటా వానలకి ముందు ఒకరోజు కొత్త తాడు కొనుక్కుని అక్కడికి వెళ్తాను. ఉప్పుగాలికి ఆ తాడు ఏడాదికి మించి ఆగదు. ఇప్పుడు చెరువు చూసుకుంటున్న కుర్రాడు నన్ను దీదీ అంటాడు. కట్ట మీదనుంచే ఎత్తుతున్నాం కదా, బయటికి ఈ రస్సీ ఎందుకు దీదీ అని ఒకసారి అడిగాడు. పలక ఇరుక్కుంటే పనికొస్తుందని చెప్పాను.

నాన్న రాడని నాకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. పాత తాడు కోసేసి, కొత్తది కప్పీ మీదుగా వేసి, చీర దోపుకుని పాయలోకి దిగుతాను. నేనూ నాయనమ్మంత పొడుగే. చెయ్యి చాచి, దాని పైన ఇంకో జానెడు కొలిచి, అక్కడ ముడివేస్తాను. కట్ట రాయి మీద కాలు పెట్టి, ముడి పట్టుకుని ఒకసారి లాగి చూస్తాను. పలక లేస్తుంది. అప్పుడు కట్ట ఎక్కి వచ్చి, పోటు మొదలవక ముందే దాన్ని పూర్తిగా దించి ఇంటికి వెళ్తాను.